అమ్మకేటి తెలుస్తాది?

కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ శ్రీకాకుళం ఉద్దానం ఇళ్లలో వైద్య నిర్ణయాలకు పక్కా పద్ధతి ఒకటుంది. మంచానికి ఎవరు ఎంత దూరంలో ఉంటే వారి మాటకు అంత బరువు. హైదరాబాద్‌లోని పెద్దకొడుకు వీడియో కాల్‌లో తీర్పు చెబుతాడు. పలాసలో ఉన్న చిన్నోడు డాక్టరు గదిలో కూర్చుని తలూపుతాడు. మాత్రలు వేసే కోడలు బయట బెంచీ మీద చెప్పులకు కాపలా. ఇక రోగి సంగతంటారా, ఆవిడ కిడ్నీలు లోపలికెళ్తే చాలు, నోటితో పనేముంది?

"ఏ మందులు వాడుతున్నారమ్మా?" అని డాక్టరు ఆవిడనే అడుగుతారు. ప్రమాదకరమైన అలవాటు. "బీపీ మాత్ర ఒక్కటేనండి" అని కొడుకు వెంటనే అందుకోవాలి. మోకాళ్ల నొప్పికి రోజూ మింగే డైక్లోఫెనాక్ ఆవిడ రొంటిన కాగితంలో చుట్టి ఉంది. కిడ్నీకి అందే రక్తాన్ని తగ్గించే మాత్ర అది. ఆ సంగతి తెలిసింది బయట చెప్పుల దగ్గరున్న మనిషికే. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎందుకు పెరిగిందా అని లోపల అరగంట చర్చ! షాపులో కత్తిరించి ఇచ్చిన ముక్కలతో సహా ఇంట్లో మాత్రలన్నీ సంచిలో తెచ్చి డాక్టరు బల్ల మీద గుమ్మరించే మోటు పద్ధతి ఉంది గానీ, పరువు గల కుటుంబాలు ఆ పని చెయ్యవు.

డయాలసిస్ మొదలయ్యాక నీళ్ల లెక్క వస్తుంది. సాధారణంగా ముందురోజు వచ్చిన మూత్రం ఎంతో కొలిచి, దానికి అర లీటరు కలిపి, అంతే తాగమంటారు. బండి మీద ఇంటికొచ్చేసరికి అది "నీళ్లు తగ్గించమన్నాడు"గా మారుతుంది. పొద్దుటి చోడంబలి, టీ, చారు కూడా ఆ లెక్కలోవేనని గిన్నె పట్టే కోడలికి ఎవరు చెప్పారు? పైగా చలవని పెరట్లో బొండం కొట్టిస్తారు. అందులోని పొటాషియం గుండె లయనే తప్పించగలదు. ఉద్దానంలో కొబ్బరిని అనుమానించడం మాత్రం బాగుంటుందా?

డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనినీ సిరనూ కలిపేదే ఫిస్టులా. వీలైతే వాటం లేని చేతికే పెడతారు. "కుడిచేత్తోనే కదా అన్నం తింటుంది" అని హైదరాబాద్ తేల్చేసింది. నలభై ఏళ్లుగా ఆవిడ జీడిపిక్కలు కొట్టింది ఎడమచేత్తో. ఇప్పుడు ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి బీపీ పట్టీ కట్టకూడదు. రోజూ తాకి జివ్వుమంటోందో లేదో చూడాలి, ఆగితే ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ ముక్క కూడా కోడలికి తప్ప అందరికీ తెలుసు.

సమ్మతి పత్రం మీద సంతకం కొడుకుదే. కూతురు మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకు మన పెద్దరికాలు ఏం తెలుస్తాయి?

"వారానికి 3 సార్లెల్లి 4 గంటలేసి పడుకునేది ఎవులు?" అని ముసలావిడ నోరు తెరిచింది.

ఫోన్‌లోంచి గొంతు: "ఒరే తమ్ముడూ, అమ్మని కాస్త ఊరుకోమను. సిగ్నల్ సరిగా లేదు."