విద్యార్థికీ మైకు ఇవ్వండి

సృజనాత్మక రచన కోర్సులు నడిపే విశ్వవిద్యాలయాల్లో సాహిత్య సభలకు కొదవేమీ లేదు. కథా పఠనం, కవి సమ్మేళనం, పుస్తకావిష్కరణ, రచయితతో ముఖాముఖి... క్యాలెండర్ నిండుగానే ఉంటుంది. తీరా వెళ్లి చూస్తే ముందు వరుసల్లో అధ్యాపకులు, వెనక హాజరు కోసం వచ్చిన విద్యార్థులు. అరగంట పరిచయాలు, అతిథి ప్రసంగం, టైమ్ అయిపోయిందంటూ రెండే ప్రశ్నలు, గ్రూప్ ఫొటో. రాయడం నేర్చుకుందామని చేరిన పిల్లలు కుర్చీలు సర్దారు, మైకు అందించారు. వాళ్లు రాసింది మాత్రం ఎవరూ వినలేదు.

దీనివల్ల నష్టపోయేది ఆ కోర్సేనని మా అభిప్రాయం. తరగతిలో జరిగే వర్క్‌షాప్ పద్ధతి తెలిసిందే. ఒకరి చిత్తుప్రతిని మిగతావాళ్లు ముందే చదువుకొచ్చి చర్చిస్తారు. రాసినవాళ్లు చాలాచోట్ల నోరు మెదపకుండా వింటారు. మంచి పద్ధతే. కానీ అక్కడున్నవాళ్లంతా చదవక తప్పనివాళ్లు. కథ మూడో పేజీలో నీరసించినా చివరిదాకా చదివి ఏదో ఒకటి చెప్పాలి. సభకు వచ్చిన మనిషికి ఆ మొహమాటం లేదు, విసుగొస్తే ఫోన్ తీస్తాడు. పట్టు ఏ వాక్యం దగ్గర జారిందో చదువుతున్న విద్యార్థికి అప్పుడే తెలిసిపోతుంది. కాగితం మీద గంభీరంగా కనిపించిన వాక్యాన్ని పైకి చదివేసరికి ఊపిరి అందదు. నవ్వుతారనుకున్న చోట హాలంతా నిశ్శబ్దం. మామూలుగా రాసేసిన మాటకు మూల నుంచి ఎవరో ఫక్కున నవ్వుతారు. గురువుగారి ఎర్ర సిరా ఈ పని చేయలేదు.

ఈ చదువుకు పేరు తెచ్చిన చోట్ల తలుపులు తెరిచే ఉన్నాయి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1922లోనే సృజనాత్మక రచనను పై డిగ్రీలకు సిద్ధాంత వ్యాసంగా ఒప్పుకుంది. 1936లో అక్కడ రైటర్స్ వర్క్‌షాప్ మొదలైంది. 1967లో మొదలైన అంతర్జాతీయ కార్యక్రమం ఇప్పటికి 150కి పైగా దేశాల రచయితలను ఆ విశ్వవిద్యాలయం ఉన్న చిన్న ఊరికి రప్పించింది. వాళ్లు తమ రచనలు చదివి వినిపించేది క్యాంపస్‌లోనే కాదు, ఊళ్లోని పుస్తకాల దుకాణంలో కూడా. ఎవరైనా వెళ్లి వినొచ్చు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో 1970లో ఈ కోర్సు పెట్టినప్పుడు చేరింది ఒక్క విద్యార్థే, తర్వాత ప్రసిద్ధ నవలా రచయిత అయిన ఇయన్ మెకీవన్. అదే విశ్వవిద్యాలయం 1991 నుంచి సాహిత్యోత్సవం నిర్వహిస్తోంది.

పెద్ద రచయితలను పిలవొద్దని మేము అనడం లేదు. వాళ్లు రావాలి, వాళ్లకు పారితోషికమూ ఇవ్వాలి. గౌరవం ఒక్కటీ చాలుతుందనుకోవడం రచయితల విషయంలో మాత్రమే కనిపించే వింత! మేము అడిగేది అతిథికి ముందు ఇద్దరు విద్యార్థులకు చెరో పది నిమిషాలు. కొత్తవాళ్లకు టెన్షన్ ఉంటుంది, తడబడతారు. తడబడనివ్వండి. నాటకం రాసినవాళ్లుంటే రంగస్థల శాఖ విద్యార్థులతో దాన్ని చదివించండి. తాను రాసిన సంభాషణ వేరొకరి నోట వినడం రచయితకు పెద్ద పరీక్ష. పరిచయాలు రెండు నిమిషాలకు కుదిస్తే ఇవన్నీ పట్టేంత సమయం దొరుకుతుంది.

రికార్డింగ్ సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో పొయెట్రీ సెంటర్ 1954లో మొదలైంది. కవి ఆడెన్ తన కవితా పఠనానికి ఇచ్చిన పారితోషికాన్ని వదులుకుంటే, ఆ కొద్దిపాటి డబ్బుతో పెట్టిన సంస్థ అది. అక్కడ చదివిన కవుల గొంతులు భద్రంగా ఉన్నాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో సభ ఫొటోలు దొరుకుతాయి, అక్కడ చదివిన కవిత మాత్రం దొరకదు. ఇప్పుడు ఫోన్‌తో కూడా రికార్డు చేయవచ్చు కాబట్టి ఖర్చు సాకు చెల్లదు. అయితే విద్యార్థుల అనుమతి తీసుకోవాలి. ఇరవై ఏళ్లప్పుడు చదివిన చిత్తుప్రతి నలభై ఏళ్లప్పుడు ఎదురుపడటం అందరికీ నచ్చదు. తీసేయమంటే తీసేయాలి.