గీకుడు లేని రంగు

పెళ్లికి పెట్టిన సామాను అంత తొందరగా మనల్ని వదలదు. మిక్సీ కాలిపోతుంది, కుక్కర్ చెవి విరుగుతుంది, ఫ్రిజ్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తాం. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ మాత్రం ఇల్లు మారినప్పుడల్లా మనకంటే ముందే ట్రాలీ ఎక్కి కూర్చుంటాయి. హన్మకొండలో మేం ఎన్ని అద్దె ఇళ్లు చూసినా, ముందు అడిగింది అద్దె కాదు, బెడ్‌రూం తలుపు వెడల్పు.

ఆ మంచం మా బాపు చేయించింది. ఏటూరునాగారం వైపు టేకు, ఫారెస్టు డిపో వేలంలో పాడుకున్నది. ఆ రసీదు ఇప్పటికీ ములుగులో మా ఇంట్లో, పట్టాదారు పాసుబుక్కు పక్కన భద్రంగా ఉంది. వడ్లాయనను వాకిట్లో కూర్చోబెట్టి, పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం పెట్టి మరీ చేయించాడు. తల వైపు పలకకు పైన రెండు నెమళ్లు చెక్కించాడు. అందులో ఒకటి కొంచెం బొద్దుగా వచ్చింది. అది నెమలి కాదు, కోడి అని మా అత్తమ్మ వాదన. ఇన్నేళ్లయినా ఆ కేసు తేలలేదు.

ఇప్పుడు ఈ సామానుకు 'కొత్త లుక్' ఇవ్వాలని మా ఆయనకు బుద్ధి పుట్టింది. ఆయన ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు. సెలవుల్లో ఫోన్ చూస్తారు. అందులో ఒక వీడియో. ఒకావిడ తెల్ల ప్యాంటు వేసుకుని పాత అల్మారాకు రంగు వేస్తోంది. మూడు నిమిషాల్లో అల్మారా మెరిసింది, ప్యాంటు మీద ఒక్క చుక్క పడలేదు. ఆ ప్యాంటు చూశాక కూడా నమ్మినవాళ్లను ఏమనాలి?

ఆవిడ వాడింది చాక్ పెయింట్. 1990లో ఇంగ్లండ్‌లో అనీ స్లోన్ అనే ఆవిడ తయారు చేసింది. పాత చెక్కను గీకే పని చాలావరకు ఉండదు, ప్రైమర్ అక్కర్లేదు, నేరుగా వేసుకుని పైన మైనం రుద్దుకోవచ్చు. ఇదంతా మా ఆయనే నాకు చదివి వినిపించారు. ఇందులో 'గీకే పని ఉండదు' అన్న ముక్క ఆయన మనసులో నాటుకుపోయింది. ఏ రంగుకు ఉండదు అన్న ముక్క అంతగా నాటుకోలేదు.

అయినా పద్ధతిగా ముందు ఒక పెయింటర్‌ను పిలిచారు. ఆ అబ్బాయి మంచం చుట్టూ తిరిగి, పలక మీద వేలు పెట్టి ఒకసారి రాసి చూశాడు.

"సార్, దీని మీద పాత పాలిష్ మస్తు నున్నగున్నది. గిట్లనే రంగేస్తే పట్టది. ముందుగాల 120 నంబర్ పేపర్‌తోని గీకాలె. తర్వాత 220తోని సాపు జెయ్యాలె. టేకుల నూనె ఉంటది గద, థిన్నర్‌తోని తుడవాలె. ప్రైమర్ కొట్టాలె, సందులల్ల లప్పం పెట్టాలె, మల్ల గీకాలె. గప్పుడు రంగు."

"ఎంతయితది?"

"సామాను మీదైతే 5 వేలు సార్."

"రంగు వెయ్యడానికి ఎంతసేపు?"

"రంగుదేమున్నది సార్, ఒక్క పూట. గీకుడే మూడు రోజులు."

అతను బండి స్టార్ట్ చేసి గల్లీ దాటాడో లేదో, మా ఆయన లెక్క తేల్చారు. "చూసినవా, 5 వేలల్ల 4 వేలు గీకుడుకే. అంటే రంగు వేసినందుకు కాదు, వెయ్యకుండ ఉన్నందుకు పైసలు గుంజుతున్నడు."

చౌరస్తా దగ్గర పెయింట్ల షాపుకు వెళ్లి చాక్ పెయింట్ ఉందా అంటే, కౌంటర్ మీది పిల్లగాడు "బ్లాక్‌బోర్డుకా సార్?" అని అడిగాడట. లెక్చరర్ అని ఎట్లా కనిపెట్టాడో అని మా ఆయన మురిసిపోయారు. చివరికి తెచ్చింది మామూలు ఎనామిల్. షేడ్ కార్డులో లేత ఆకుపచ్చ చూపిస్తే, తెల్ల బేస్ డబ్బాను మెషీన్ కింద పెట్టి, నాలుగు చుక్కలు వేసి, గడగడ ఊపి ఇచ్చారు. షేడ్ కార్డు మీద గోరంత చదరంలో ఏ రంగైనా బుద్ధిమంతురాలే. ఆరడుగుల మంచం మీదికి వచ్చాకే దాని అసలు గుణం బయటపడుతుంది.

డబ్బా మూత తీసేసరికి అత్తమ్మ అడ్డం పడింది. "పెద్దల దినాలు, పెత్తరమాస పోకముందు మంచి పని ఏదీ మొదలుపెట్టద్దు కొడుకా."

"ఇదేం మంచి పని కాదమ్మా" అన్నారు మా ఆయన. ఆ ఒక్క మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

ఇక గీకుడు. పెయింటర్ చెప్పిన రెండు పేపర్లలో ఈయన 220 ఒక్కటే తెచ్చారు. 120 ఏదంటే, "పెద్ద నంబర్ది ఉంటే చిన్నది ఎందుకు, ఇదే ఎక్కువ గీకుతది గదా" అన్నారు. సాండ్‌పేపర్ నంబర్లు ఉల్టా ఉంటాయి. నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఆ 220 పేపర్‌తో ఆయన మంచాన్ని గీకలేదు, నిమిరారు. పాలిష్‌కు చీమ కుట్టినట్టయినా కాలేదు. పైగా దుమ్ము లేవలేదని సంతోషం. "చూడు, ఎంత నీట్‌గా అయిపోయిందో!"

మంచం గదిలోంచి బయటికి రాదు. విప్పాలంటే వడ్లాయన కావాలి. బయట ముసురు పట్టింది కాబట్టి కిటికీలు మూశారు. మూసిన గదిలో టర్పెంట్ వాసన, దాన్ని చంపడానికి అత్తమ్మ వెలిగించిన ఊదుబత్తుల వాసన. రెండూ కలిసి హాల్లో మమ్మల్ని చంపాయి. సన్నగా రెండు కోట్లు వేసే బదులు మందంగా ఒక్కటే వేస్తే పని సగమవుతుందని తల పలకకు మాత్రం ధారాళంగా దట్టించారు. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి డబ్బా అడుగంటింది. అక్కడ పైపైన లాగించారు. మధ్యలో డ్రెస్సింగ్ టేబుల్. దాని డ్రాయర్లను తీయకుండా, మూసినవి మూసినట్టే, సందులతో సహా అలికేశారు. చూడ్డానికి ఒకే పలకలాగా, ఎక్కడా గీత లేకుండా వచ్చింది. దానికీ మురిసిపోయారు.

త్వరగా ఆరాలని ఫ్యాన్ ఐదులో పెట్టి తలుపు వేసి వచ్చారు. కింద పరిచిన పాత పేపర్లు రాత్రంతా ఏం చేశాయో ఎవరూ చూడలేదు.

పొద్దున్నే అందరికంటే ముందు అత్తమ్మ లోపలికి వెళ్లింది. వెళ్లి, కంగారుగా బయటికి వచ్చింది. "ఇంట్ల ఎవలికన్న పానం బాగలేదా? గా మంచమేంది?"

షేడ్ కార్డులో లేతగా కనిపించిన ఆకుపచ్చ, ఆరేసరికి సర్కారు దవాఖాన వార్డుల్లో గోడకు సగం ఎత్తు దాకా ఉండే ఆకుపచ్చ అయి కూర్చుంది. పక్కన స్టాండు, దానికో సెలైన్ సీసా పెడితే విజిటింగ్ అవర్స్ మొదలుపెట్టొచ్చు.

అసలు తమాషా తల వైపు. ఫ్యాన్ గాలికి లేచిన ఒక పేపర్ వెళ్లి ఆ మందపాటి పచ్చిరంగుకు నిలువునా అంటుకుంది. మా ఆయన మెల్లగా పట్టి లాగితే కాగితం ఊడి వచ్చింది, అక్షరాలు రాలేదు. ప్లాట్ల ప్రకటన పేజీ. పలక నిండా పెద్ద పెద్ద అక్షరాలు, అన్నీ తిరగేసి. ఎవరికీ అర్థం కాలేదు. మా చిన్నోడు వెనక్కి తిరిగి డ్రెస్సింగ్ టేబుల్ అద్దంలోకి చూసి, ఒకటో తరగతి పాఠంలా గట్టిగా చదివాడు. "రా-నున్న మా-ము-నూ-రు ఎయిర్‌పోర్టుకు 10 ని-మి-షా-లు. నూటికి నూరు పాళ్లు వాస్తు. బ్యాంకు లోన్ స-దు-పా-యం క-ల-దు." కింద ఫోన్ నంబర్ కూడా ఉంది. చివరి రెండంకెలు మాత్రం చిరిగిన మూలతో పోయాయి.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం బాపు నన్ను బతుకమ్మ పండుగకు తీసుకుపోవడానికి వస్తున్నాడని గుర్తొచ్చేదాకా. నా పట్టుచీర బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటే, డ్రెస్సింగ్ టేబుల్ పై డ్రాయర్‌లో ఉంది. డ్రాయర్ ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు.

పిడి పట్టుకుని లాగితే డ్రాయర్ రాలేదు, టేబులే ముందుకొచ్చింది. సందులోని రంగును హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడదాం అన్నాను. అది రెండో డ్రాయర్‌లో ఉంది.

అప్పుడు మా ఆయన లెక్చర్ మొదలుపెట్టారు. "అసలు ఎనామిల్ తడి బట్ట ఆరినట్టు ఆరదు. థిన్నర్ ఎగిరిపోయేది మొదటి మెట్టే. తర్వాత అందులోని నూనె గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. మందంగా వేస్తే పైన పొర కడుతుంది. కిందికి ఆక్సిజన్ అందదు, లోపల పచ్చిగానే ఉంటుంది. దానికి తోడు ముసురు, మూసిన కిటికీలు..."

"ఇది నిన్న తెల్వదా?" అంది అత్తమ్మ.

"తెలుసమ్మా. సెకండియర్ పిల్లలకు చెప్తనే ఉంటా."

అత్తమ్మ పుట్టిల్లు బట్ట మీద గీసే పటాలకు పేరుపడ్డ చేర్యాల పక్క పల్లె. బొమ్మల విషయంలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "మా దిక్కు నకాశోళ్లు పటం గీయాల్నంటే ఊకెనే రంగు పూస్తరనుకున్నవా? బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు అన్నీ కలిపి పట్టిస్తరు. ఆరినంక మల్ల పట్టిస్తరు. గప్పుడు ముడుతరు కుంచె. కథ జెప్పే పటానికే గంత చాకిరి ఉంటె, మనుషులు పండే మంచానికి ఉండదా?" పెయింటర్ 5 వేలు అడిగి చెప్పిన సంగతిని ఆమె ఉచితంగా చెప్పింది. రెండు రోజులు ఆలస్యంగా.

బాపు వచ్చాడు. చేతిసంచిలో తంగేడు పూలు, సత్తుపిండి. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మంచం చూశాడు. మేం అందరం ఆయన మొహం చూశాం. ఏమీ అనలేదు. మంచం కాలు దగ్గర గొంతు కూర్చుని, బొటనవేలి గోరుతో రంగు అంచును చిన్నగా లేపాడు. లేచింది. పట్టుకుని పైకి లాగాడు. కాలు పొడవునా ఒకే ముక్కగా, ఎక్కడా తెగకుండా ఊడి చేతిలోకి వచ్చేసింది. కింద టేకు, పాత పాలిష్‌తో, నిన్నటి కంటే నిగనిగలాడుతూ ఉంది.

"రంగేసిన్రా అల్లుడా, అంగీ తొడిగిన్రా?" అన్నాడు బాపు.

తర్వాత గంటసేపు ఇంట్లో పండగే. పిల్లలు మిగిలిన కాళ్ల మీద పడ్డారు. ఎవరు పొడవైన ముక్క లాగుతారో అని పందెం. బాపు కూడా ఒక పక్క పట్టె తనకే కావాలని పట్టుబట్టాడు. అత్తమ్మ బొద్దు నెమలి దగ్గర చేరి, ముక్కు చుట్టూ పుల్లతో గోకుతూ, "ఇప్పుడు జూడు, కోడే" అని తేల్చేసింది. తల పలక మాత్రం ఎవరి మాటా వినలేదు. అక్కడ గోరు పెడితే రంగు గోరుకే అంటుకుంటోంది.

బస్సు టైం దగ్గర పడుతుంటే గత్యంతరం లేక పెయింటర్‌కు ఫోన్ చేశాం. ఆ అబ్బాయి నవ్వలేదు. వృత్తి మర్యాద అంటే అదే. కట్టర్ బ్లేడు తీసి డ్రాయర్ సందు వెంట మెల్లగా, ఎక్కడా చెక్క మీద గీత పడకుండా నాలుగు వైపులా కోశాడు. అరచేత్తో పక్కల రెండు దెబ్బలు కొట్టి పిడి లాగాడు. డ్రాయర్ 'చర్ర్' మంటూ వచ్చింది. తాళంచెవి వచ్చింది. చీరా వచ్చింది. మళ్లీ పట్టుకోకుండా అంచులకు కొవ్వొత్తి ముక్క రుద్దాడు.

"ఇప్పుడు మొత్తం చేస్తే ఎంత?" అడిగారు మా ఆయన, గొంతు తగ్గించి.

"9 వేలు సార్."

"మొన్న 5 అన్నవు గదా తమ్మీ!"

"మొన్నటిది రంగేసుడుకు సార్. గిప్పుడు వేసింది తీసుడు వేరే ఉన్నది గద."

మా ఆయన బాపు వైపు చూశారు. బాపు తన చేతిలోని ఆకుపచ్చ తోలును చుట్ట చుట్టి సంచిలో వేసుకుంటున్నాడు. ములుగులో అందరికీ చూపించాలట. ఈలోగా పెయింటర్ తల పలక దగ్గరికి వెళ్లి, ఆ తిరగేసిన అక్షరాలను చూసి, చిన్నోడు చెప్పకుండానే వెనక్కి తిరిగి అద్దంలోకి చూశాడు. చాలాసేపు చదివాడు.

"సార్, గజం రేటు మంచిగనే ఉన్నది. నంబర్ల చివరి రెండంకెలు పడలే. గా పేపర్ ముక్క పారేసిన్రా, ఉన్నదా?"

మా ఆయన చెత్తబుట్ట వెతకడానికి వెళ్లారు.