కుక్కర్ ఇంట్లోనే ఉంచండి

ఇక్కడ ఇంగ్లండులో బ్యాంక్ హాలిడే, అంటే దేశమంతటికీ ఉండే సెలవు, దగ్గర పడుతుంటే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో సందడి మొదలవుతుంది. ఒకరు లేక్ డిస్ట్రిక్ట్ అంటారు, ఇంకొకరు కాట్స్‌వోల్డ్స్ అంటారు. అది తేలేలోపే ఎవరో ఒకరు ఆరు కుటుంబాలకు సరిపడే కాటేజీ బుక్ చేసేస్తారు. ఇక అక్కడి నుంచి అంతా వంట చర్చే. కుక్కర్ ఎవరు తెస్తున్నారు, ఇడ్లీ పిండి ఎవరు రుబ్బుతున్నారు, చికెన్ మారినేట్ చేసి ఐస్ బాక్సులో పెట్టే పని ఎవరిది? తీరా విండర్‌మియర్ సరస్సు ఒడ్డుకు చేరాక కూడా మనం చేసేది ప్రతి శనివారం రెడింగ్‌లోనో, హౌన్‌స్లోలోనో చేసేదే. ఆడవాళ్ళు కాస్త పెద్ద వంటింట్లో ఇంకాస్త ఎక్కువమందికి వండుతారు, మగవాళ్ళు పేకముక్కలు తీస్తారు.

ఆ సరదాను నేను కాదనను. పిల్లలు తెలుగు మాట్లాడేది ఆ రెండు రోజులే. కానీ ఏడాదికి ఒక్కసారైనా ఆ గుంపును వదిలి, ఒక కుటుంబంగానో ఇద్దరుగానో ఏదైనా పల్లెటూరి ఇన్‌లో, అంటే గదులు కూడా అద్దెకిచ్చే పబ్బులో, రాత్రి బస చేసి అక్కడి వంట తినండి అని నా మనవి. ఈ దేశంలో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసి, పాస్‌పోర్టు కూడా తీసుకుని, ఇన్ గడప తొక్కనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఎందుకని అడిగితే "పబ్బే కదండీ" అంటారు. కాదంటే "మనం తినడానికి అక్కడేముంటుంది" అంటారు. ఇంకో కారణం ఉంది, దాన్ని పైకి చెప్పరు.

పబ్బు అనగానే మనకు ఊళ్ళో పర్మిట్ రూమ్ గుర్తొస్తుంది. ఆ వాసన, ఆ అరుపులు, ఆడవాళ్ళు అటు చూడకుండా దాటిపోయే ఆ వీధి. యార్క్‌షర్ డేల్స్ లోయల్లో సాయంత్రం ఆరింటికి ఏ ఇన్‌లోకైనా వెళ్ళి చూడండి. పొయ్యి పక్కన వాకింగ్ బూట్లు ఆరబెట్టుకుంటూ ఇద్దరు కూర్చుని ఉంటారు. మూలన ఒక పెద్దావిడ అర గ్లాసు సైడర్ (ఆపిల్ మద్యం) ముందు పెట్టుకుని క్రాస్‌వర్డ్ పూరిస్తుంటుంది. బల్ల కింద తడిసిన కుక్క ఒకటి పడుకుని ఉంటుంది. కుక్కలంటే భయమున్నవాళ్ళు బుక్ చేసేటప్పుడే చెప్పండి, కుక్కల్ని రానివ్వని డైనింగ్ రూమ్ చాలాచోట్ల వేరే ఉంటుంది. మీరు మందు తాగనవసరం లేదు. లైమ్ సోడా అడగండి, మత్తులేని జింజర్ బీర్ అడగండి, ఎవరూ వింతగా చూడరు. పిల్లల్ని తీసుకెళ్తే తప్పేమో అని మా పిన్నిగారొకరు తెగ టెన్షన్ పడ్డారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే తప్పేమీ లేదు. కాకపోతే రాత్రి తొమ్మిది దాటాక బార్ గదిలో పిల్లల్ని ఉండనివ్వని ఇన్‌లు ఉన్నాయి. అది ఆ ఇంటి పద్ధతి.

ఇక పైకి చెప్పని కారణానికి వస్తాను. లోపలికి అడుగు పెట్టగానే తలలన్నీ మనవైపు తిరుగుతాయేమో, గది లేదని పంపించేస్తారేమో అన్న బెరుకు అది. ఇందులో హక్కు సంగతి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఇంగ్లండు కామన్ లాలో, అంటే కోర్టు తీర్పులతో ఏర్పడిన చట్టంలో, శతాబ్దాలుగా ఒక నియమం ఉంది. గది ఖాళీగా ఉండి, వచ్చిన బాటసారి డబ్బు ఇవ్వగలిగి, ఒంటి మీద తెలివితో ఉంటే, ఇన్ నడిపేవాడు సరైన కారణం లేకుండా అతన్ని పొమ్మనకూడదు. దారిదోపిడీల కాలంలో చీకటి పడ్డాక మనిషిని బయటికి నెట్టడమంటే ప్రాణం మీదికి తేవడమే మరి. ఈ పాత నియమమే 1943లో లియరీ కాన్‌స్టంటైన్‌కు అక్కరకొచ్చింది. ఆయన వెస్టిండీస్ క్రికెటర్. లార్డ్స్‌లో మ్యాచ్ ఆడటానికి భార్యాబిడ్డలతో లండన్ వచ్చి, రస్సెల్ స్క్వేర్‌లోని ఇంపీరియల్ హోటల్‌లో ముందుగానే నాలుగు రాత్రులకు గదులు బుక్ చేసుకున్నారు. తీరా వెళ్ళాక ఒక్క రాత్రే ఉండనిస్తామన్నారు. నల్లవాళ్ళుంటే అక్కడ దిగిన అమెరికన్లకు గిట్టదట. అప్పటికి బ్రిటన్‌లో వర్ణవివక్షను నిషేధించే చట్టమే లేదు, మొదటిది 1965లో గానీ రాలేదు. అందుకని ఆయన తరఫువాళ్ళు ఇన్‌కీపర్ల పాత నియమాన్నే పట్టుకున్నారు. 1944లో జస్టిస్ బర్కెట్ ఆయన పక్షాన తీర్పిచ్చారు. పరిహారం ఐదు గినీలు (ఐదు పౌండ్ల పైచిలుకు) మాత్రమే, కానీ కేసు గెలిచాడాయన. తర్వాత 1969లో ఆయన పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో సభ్యుడయ్యారు. అక్కడ అడుగుపెట్టిన మొదటి నల్లజాతీయుడు ఆయనే.

1956 నాటి హోటల్ ప్రొప్రైటర్స్ యాక్ట్ ఈ బాధ్యతను చట్టంగా రాసిపెట్టింది. పాతకాలపు ఇన్‌లలో రిసెప్షన్ పక్కన ఫ్రేము కట్టిన చిన్న నోటీసు కనిపిస్తే ఆగి చదవండి. బస చేసినవారి సామాను పోతే ఒక వస్తువుకు 50 పౌండ్లు, మనిషికి మొత్తం 100 పౌండ్ల వరకే బాధ్యత అని, కార్లకూ వాటిలోని సామానుకూ గుర్రాలకూ పూచీ లేదని అందులో ఉంటుంది. గుర్రమన్న మాట చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ నోటీసు వెనకున్న చట్టాన్ని బట్టి, వచ్చిన బాటసారికి గది ఇవ్వడం వాళ్ళ దయ మీద ఆధారపడిన సంగతి కాదని అర్థం.

చూపులు అసలే ఉండవని నేను చెప్పను. ఒక ఊళ్ళో బార్ దగ్గర మా తర్వాత వచ్చిన ఇద్దరికి ముందుగా పోశాడు ఒక ల్యాండ్‌లార్డ్, అంటే ఆ పబ్బు నడిపేవాడు. బార్ దగ్గర మనుషులు వరుసలో నిలబడరు. ఎవరి వంతు ఎప్పుడో పోసేవాళ్ళే గుర్తు పెట్టుకోవాలి, అందుకే మరచిపోయానని తప్పించుకోవడం తేలిక. నేను నోరు తెరిచేలోపు పక్కనున్న ముసలాయన "ముందు వచ్చింది వీళ్ళయ్యా" అన్నాడు. ఆ ల్యాండ్‌లార్డ్ సారీ కూడా చెప్పలేదు. ఆ ఇన్‌కు మళ్ళీ వెళ్ళలేదు, ఆ ముసలాయన మాత్రం గుర్తున్నాడు. ఇలాంటిది ఒకటి జరిగిందని మిగతా అన్ని గడపలకూ దూరంగా ఉండటం నాకు నచ్చదు.

సరే, భోజనం. ఇక్కడ మనవాళ్ళు కొంత తెలుసుకుని వెళ్ళాలి, లేకపోతే నిరాశపడతారు. అన్నిటికంటే ముందు, వంటిల్లు మూసే వేళ. మధ్యాహ్నం రెండున్నరకు మూసి సాయంత్రం ఆరింటికి తెరిచేవి చాలా ఉంటాయి. రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో పొయ్యి ఆర్పేస్తారు. మోటర్‌వే మీద ఇరుక్కుని తొమ్మిదింపావుకు చేరి "ఏదైనా పెట్టండి" అంటే, క్రిస్ప్స్ ప్యాకెట్ తప్ప ఏమీ దొరకదు. ఆలస్యమయ్యేలా ఉంటే దారిలోనే ఫోన్ చేయండి, ఒక ప్లేటు తీసి ఉంచేవాళ్ళు ఉన్నారు.

బీఫ్ తినని ఇళ్ళు మనలో ఎక్కువ. స్టేక్ అండ్ ఏల్ పైలో బీఫ్ ఉందని పేరే చెబుతుంది. చిక్కు వచ్చేది పేరు చెప్పనివాటితోనే. యార్క్‌షర్ వైపు చిప్స్‌ను బీఫ్ కొవ్వులో వేయించే చోట్లున్నాయి. యార్క్‌షర్ పుడ్డింగ్‌ను (తీపి కాదు, రోస్ట్ పక్కన ఇచ్చే పిండివంటకం) కూడా కొందరు ఆ కొవ్వులోనే కాలుస్తారు. ఆదివారం రోస్ట్‌కు మీరు చికెన్ ఎంచుకున్నా మీద పోసే గ్రేవీ బీఫ్ స్టాక్‌తో చేసినది కావచ్చు. పూర్తి శాకాహారులకైతే ఇంకో మాట: అసలైన పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెనెట్ వాడతారు, కాబట్టి ఆ చీజ్ పడే మష్రూమ్ రిసోటో (ఇటలీ వాళ్ళ అన్నం వంటకం) వెజిటేరియన్ అవునో కాదో అడగాలి. అడగడానికి మొహమాటపడకండి. అలర్జీల గురించి రోజూ అడిగించుకునే వంటవాళ్ళకు ఇది కొత్త ప్రశ్నేం కాదు.

ఇవి దాటితే తినడానికి చాలా ఉంది. డేల్స్‌లో గొర్రె భుజాన్ని గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించి ఇస్తారు, స్పూన్‌తో తాకితే ఎముక విడిచిపెట్టేస్తుంది. ఉప్పు, రోజ్‌మెరీ, ఆ మాంసం రుచి, అంతే. కారం లేదని వెంటనే జేబులోంచి పచ్చడి సీసా తీయకండి. ఇంగ్లిష్ మస్టర్డ్ అడిగి, అంచుకు కొద్దిగా రాసుకుని తినండి. ముక్కులోంచి నషాళానికి ఎక్కుతుంది, ఆవపిండి ఎక్కువైన కొత్త ఆవకాయలాగే. మా బంధువొకాయన, గుంటూరు వాడు, "ఈ దొరల తిండిలో ఘాటేముంటుందిలే" అని ఒక చెంచా నిండా నోట్లో వేసుకుని రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత ఆ సీసా మీద పేరు ఫోటో తీసుకున్నాడు.

శాకాహారులకు రాత్రి భోజనంలో ఎంపిక తక్కువే, ఒప్పుకుంటాను. ఏదో ఒక పై, కూరగాయల బర్గర్, సీజన్‌లో గుమ్మడికాయతో ఏదో ఒకటి. లోటంతా చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్ తీరుస్తుంది. ఖర్జూరాలు వేసి చేసిన మెత్తటి కేకు మీద వేడి వేడి టాఫీ పాకం పోసి ఇస్తారు. దాన్ని లేక్ డిస్ట్రిక్ట్ వాళ్ళు తమదే అంటారు. గుడ్డు తిననివాళ్ళకు ఇదీ కుదరదు, పాపం.

పొద్దున బ్రేక్‌ఫాస్ట్ చాలాచోట్ల గది అద్దెలోనే కలిసి ఉంటుంది. ప్లేటులో నల్లగా, గుండ్రంగా కనిపించే బ్లాక్ పుడ్డింగ్ పంది రక్తంతో చేసేది. వద్దనుకుంటే ముందే చెబితే తీసేసి ఇస్తారు. పుట్టగొడుగులు, కాల్చిన టమాటా, గుడ్లు, బీన్స్, టోస్ట్ తిని బయల్దేరితే మధ్యాహ్నం మూడింటి వరకు ఆకలి తెలియదు.

గది గురించి రెండు ముక్కలు. 1784లో బ్రిస్టల్, లండన్ మధ్య తొలి మెయిల్ కోచ్ నడిచింది. ఆ గుర్రపుబగ్గీల కాలంలో, దారి పొడవునా గుర్రాలు మార్చుకోవడానికి, ప్రయాణికులు తిని పడుకోవడానికి ఆధారం ఈ ఇన్‌లే. వీధివైపు ఎత్తైన కమాను కనిపిస్తే బగ్గీ లోపలికి వెళ్ళిన దారి అదేననుకోండి. లోపల పెరడు, చుట్టూ గుర్రాల పాకలు. రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం పడిపోయింది, తర్వాత కార్లు మళ్ళీ జనాన్ని తెచ్చాయి. ఇప్పుడు ఆ పాకలే గదులయ్యాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే పెరట్లోని ఆ కింది గదులే అడగండి. అసలు భవనంలో లిఫ్ట్ ఉండదు, మెట్లు ఇరుకు, నేల ఒకవైపు వాలి ఉంటుంది, దూలం నుదుటికి తగిలే ఎత్తులో ఉంటుంది. చాలావరకు లిస్టెడ్ భవనాలు, అంటే చట్టం కాపాడే పాత కట్టడాలు కాబట్టి అనుమతి లేకుండా గోడ కూడా కదపకూడదు. బాత్రూమ్‌లోకి మగ్గు మాత్రం మీరే తీసుకెళ్ళండి.

ఖరీదెక్కువ అనేవాళ్ళున్నారు. నిజమే, వారాంతంలో ఇద్దరికి బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి వంద పౌండ్లు దాటుతుంది, మోటర్‌వే పక్కనున్న చెయిన్ హోటల్ ఇంతకంటే చవక. కానీ ఆ చెయిన్ హోటల్లో మీతో ఎవరు మాట్లాడతారు? 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను వచ్చినప్పుడు యార్క్‌షర్‌లోని టాన్ హిల్ ఇన్‌లో అరవైమందికి పైగా మంచులో చిక్కుకుని మూడు రాత్రులు అక్కడే ఉండిపోయారు. సముద్రమట్టానికి 528 మీటర్ల ఎత్తున, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన పబ్బు అది. ఆ రాత్రి పాడటానికి వచ్చిన బ్యాండ్ కూడా వాళ్ళతోపాటే ఇరుక్కుపోయింది. నేల మీద పరుపులు పరుచుకుని, క్విజ్‌లు ఆడుకుంటూ గడిపారు. ఆదివారం రోజునైతే కలిసే ఆటా పాటా. ముందు ఒకరికొకరు ముక్కూముఖం తెలియనివాళ్ళు.

తుఫాను లేకపోయినా ఇన్‌లో మాటలు కలుస్తాయి. పొయ్యి దగ్గర చోటు తక్కువ కాబట్టి పక్కవాళ్ళు జరగక తప్పదు, జరిగితే పలకరించక తప్పదు. వాతావరణంతో మొదలై, రేపు ఏ కొండ ఎక్కుతున్నారు, ఏ దారి బురదగా ఉంది, ఎవరి పొలంలో ఎద్దు ఉంది అన్నదాకా వెళ్తుంది. ఆఫీసులో పదేళ్ళు పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు చెప్పని సంగతులు ఆ గంటలో చెబుతారు. మన పిల్లలు ఇక్కడే పెరుగుతున్నారు, వాళ్ళకు ఈ దేశం బడిలో, మాల్‌లో మాత్రమే తెలిస్తే చాలదు.

ఊళ్ళలో ఇన్‌లు మూతపడుతున్న మాట మీరూ వినే ఉంటారు. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్‌లో 2003లో ఊరివాళ్ళే సహకార సంఘంగా ఏర్పడి ఓల్డ్ క్రౌన్ పబ్బును కొనుక్కున్నారు. 2011 లోకలిజం యాక్ట్ వచ్చాక, ఊరికి విలువైన ఆస్తిగా ముందే నమోదైన పబ్బు అమ్మకానికి వస్తే కొనడానికి డబ్బు పోగుచేసుకునే గడువు ఊరివాళ్ళకు దొరుకుతోంది. వాళ్ళకు కావలసింది శని, ఆదివారాల్లో నిండిపోయే గదులు కాదు, ఫిబ్రవరి మంగళవారం వచ్చే నలుగురు. మనలో వారం మధ్యలో సెలవు పెట్టుకోగలిగినవాళ్ళు, రిటైరైనవాళ్ళు తక్కువేం కాదు.

అందుకే మన సంఘం వాకింగ్ గ్రూపుకు ఒక ప్రతిపాదన. వచ్చే నడకకు కాటేజీ వద్దు. ఎనిమిది మందికి మించకుండా, వారం మధ్యలో, లేక్ డిస్ట్రిక్ట్‌లోని లాంగ్‌డేల్ వైపు ఒక రాత్రి. ఆ లోయలోని ఓల్డ్ డంజన్ గిల్ అనే ఇన్‌లో హైకర్స్ బార్ ఒకప్పుడు ఆవుల కొట్టం, ఇప్పటికీ అప్పట్లో ఆవులను కట్టిన అరల మధ్యే కూర్చుంటారు. శాకాహారం ఎందరికి, బీఫ్ వద్దనేవాళ్ళెందరు అని ముందే ఫోన్ చేసి చెప్పే పని నాది. కింది గది కావలసినవాళ్ళు పేరు పక్కన రాయండి.