సూది పొడిచేముందు డిగ్రీ అడగండి

అమెరికాలో నర్సుకి చెయ్యి చాచేముందు ప్రతి తెలుగువాడూ అడిగి తీరవలసిన ప్రశ్న ఒకటుంది. "అమ్మా, నీది రెండేళ్ల డిగ్రీనా, నాలుగేళ్లదా?"

ఈ జ్ఞానం నాకు మొన్న పాట్‌లక్‌లో కలిగింది. భర్త వీసాకి తోకలాంటి హెచ్-4 వీసా మీద వచ్చి, ఈమధ్యే ఈఏడీ, అంటే పనిచేసుకునే అనుమతి, చేతికందిన ఒక కోడలుపిల్ల కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ నర్సింగ్, అంటే ఆ రెండేళ్ల డిగ్రీ, చేస్తానంది. పులిహోర వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది. మనవాళ్లలో రెండేళ్లు చదివితే దాన్ని ఇంటర్ అంటారు. రేపు అత్తగారు ఫోన్ చేస్తే ఏమని చెప్పుకోవాలి? నిజానికి ఆ రెండేళ్లన్నది మాటవరసకే. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ముందే పూర్తిచేసి, సీటు కోసం వరసలో నిలబడి, బయటపడేసరికి మూడేళ్లు దాటినా దాటొచ్చు. అయినా పేరు ముఖ్యం కదా. అందరం కలిసి ఆ అమ్మాయిని నాలుగేళ్లకి ఒప్పించాం. ఫీజు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

దారుణం ఏమిటంటే, రెండేళ్లవాళ్లూ నాలుగేళ్లవాళ్లూ లైసెన్సు కోసం రాసేది ఒకటే పరీక్ష, ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. ఎన్నేళ్లు చదివావని ఆ కంప్యూటరు అడగదు. చేతికొచ్చే లైసెన్సూ ఒకటే.

ఈ తప్పు రెండేళ్ల నర్సింగ్ చదువుకి ఆద్యురాలైన మిల్డ్రెడ్ మాంటాగ్‌ది. నర్సుల కొరత చూసి, అసలు నర్సు కింద పనిచేసే టెక్నీషియన్లని రెండేళ్లలో తయారుచేద్దామని 1952లో ఏడు కాలేజీలతో ప్రయోగం మొదలైంది. తీరా ఆ టెక్నీషియన్లు అసలు నర్సుల పరీక్షే రాసి పాసై కూర్చున్నారు. 1965లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ ఇకమీదట బ్యాచిలర్స్, అంటే నాలుగేళ్ల డిగ్రీ, ఉండాల్సిందేనని తీర్మానించింది. నార్త్ డకోటా పాపం ఆ మాట నమ్మి 1987లో నిబంధన పెట్టి, 2003లో వెనక్కి తీసుకుంది. న్యూయార్క్ 2017లో చట్టం చేసింది: లైసెన్సు వచ్చిన పదేళ్లలోగా బ్యాచిలర్స్ తెచ్చుకోవాలి. ఈలోపు రోగులు ఎవరి జాతకాన్ని వాళ్లు నమ్ముకోవాలన్నమాట.

ఇదంతా నా చాదస్తమనుకునేరు, లెక్కలున్నాయి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులని పరిశీలించి 2003లో చెప్పింది: బ్యాచిలర్స్ నర్సులు 10 శాతం ఎక్కువున్నచోట, ఆపరేషన్ అయిన 30 రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 5 శాతం తక్కువ. ఈ వాక్యాన్ని ఆసుపత్రులు కళ్లకద్దుకున్నాయి. అదే ఐకెన్, అవే 168 ఆసుపత్రుల మీద అంతకు ముందు ఏడాదే ఇంకో మాట చెప్పింది. నర్సు నెత్తిన ఒక్కో రోగి అదనంగా పడితే అదే అవకాశం 7 శాతం ఎక్కువ. ఈ రెండో కాగితం చాలా యాజమాన్యాలకి ఇంకా అందినట్టు లేదు. పోస్టులో ఆలస్యమై ఉంటుంది.

అందినా ఏం చేస్తారు? డిగ్రీ అయితే నర్సే రాత్రి డ్యూటీ దిగి, ఆన్‌లైన్‌లో ఇద్దరు క్లాస్‌మేట్ల పోస్టులకి ఏపీఏ అనే వ్యాసరచనా పద్ధతిలో జవాబులు రాసి తెచ్చుకుంటుంది. ఫీజులో కొంత ఆసుపత్రి తిరిగిచ్చినా, బదులుగా కొన్నేళ్లు కదలకుండా పనిచేయించుకోవచ్చు. ఇంకో నర్సుని పెట్టుకుంటే మాత్రం ప్రతినెలా జీతమివ్వాలి.

నా పిత్తాశయం తీసిన ఆసుపత్రిలో నేనీ ప్రశ్న వేశాను. అర్ధరాత్రి సెలైన్ సరిచేస్తున్న నర్సు, "అసోసియేట్. 22 ఏళ్ల సర్వీసు. బ్యాచిలర్స్ ఇప్పుడు చేస్తున్నా, లీడర్‌షిప్ పేపరు రేపటికివ్వాలి" అంది. నేను గంభీరంగా తలాడించాను. ఇంకా మూడు ప్రశ్నలు సిద్ధం చేసుకున్నాను గానీ, ఇంతలో వరండాలో ఒకేసారి మూడు గదుల బెల్లులు మోగాయి, ఆవిడ పరుగెత్తింది. ఆ రాత్రి ఆవిడ చేతికింద ఎంతమంది రోగులున్నారో అడగాలని నాకు తోచనేలేదు.