మా వాకిట్లో లంగరేసిన మోటారు పడవకు

మహారాజశ్రీ పడవ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, వంటింటి కిటికీ తీస్తే మీ ముక్కే తగులుతోంది.

ఒక పాతసామాన్ల వేలంలో మా ఆయన కంటపడి మీరు నల్గొండలోని మా వాకిట్లోకి దయచేశారు. అప్పటినుంచి కారు గల్లీలో ఎండుతోంది, మీరు రేకుల షెడ్డు కింద విశ్రాంతి తీసుకుంటున్నారు. మిమ్మల్ని ఆయన ‘వింటేజ్’ అంటారు. మీ ఈడుదే మా అమ్మ ఇచ్చిన ఇనుప బీరువా. దాన్ని మాత్రం తూకానికి వేసేద్దామంటారు. సర్వీసంతా కాలువల్లో నీళ్లు కొలిచి రిటైరైన మనిషి, నీళ్ల మీద తిరగాలని ముచ్చటపడితే నేనెందుకు కాదంటాను? తిరగమనే అంటున్నాను. కదలనిది మీరే.

గల్లీలో అందరికీ మీరు మంచి కాలక్షేపం. “మూసీ ఇటు మళ్లుతోందా సార్?” అని ఎదురింటాయన అడుగుతాడు. పాలబ్బాయి మీకు దండం పెట్టుకుని మరీ పోతున్నాడు. ఎందుకో అడగలేదు.

మీ సేవల సంగతికి వస్తాను. మీరు టేకు చెక్కల పడవ. తడిలో ఉంటే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఎండితే చెక్క కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. మా మే నెల ఎండ తగిలేసరికి మీ ఒళ్లంతా సందులే. వడ్లాయన వచ్చి చూసి, లప్పం పెట్టి గట్టిగా నింపేస్తానన్నాడు. మా ఆయన అడ్డం పడ్డారు. గట్టిది నింపితే రేపు నీళ్లలో చెక్క ఉబ్బినప్పుడు జరిగే చోటు లేక లోపలి వంపు బద్దలు విరుగుతాయట. దూది పేని సందుల్లో దోపాలట, దాని మీద మెత్తగా సాగేదే పూయాలట. వెనకటివాళ్లు గుగ్గిలం, నూనె కలిపి పూసేవాళ్లట. ఇంతా చేశాక కూడా, నీళ్లలోకి దింపే ముందు రోజుల తరబడి తడుపుతూ ఉండాలట. అందుకని నల్లా వచ్చిన పూట మొదటి బిందె మీకే. తడి గోనెపట్టాలు కప్పించుకుని మీరు చల్లగా పడుకుంటారు. మా కూలర్‌లో నీళ్లు అడుగంటి ఉంటాయి.

పగిలిన చోట్ల అతికించడానికి ఎపాక్సీ వచ్చింది, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. డబ్బా మీద రాసిన టైము మా ఎండకు చెల్లదు. వేడికి అది తొందరగా గట్టిపడుతుంది. ఎక్కువ కలిపి గిన్నెలో ఉంచితే తనంతట తానే కాగి పొగలు కక్కుతుంది. ఆ గిన్నె నా పోపుగిన్నె.

మీ వెనక వేలాడే మోటారు ఎవిన్‌రూడ్. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన పేరు మీద వచ్చింది, 2020లో వాటి తయారీయే ఆగిపోయింది. అయినా దాని భాష అర్థమైంది ఒకప్పటి చేతక్ స్కూటర్ల మెకానిక్కుకే. “టూ-స్ట్రోకే కదమ్మా, పెట్రోల్‌ల ఆయిల్ కలపాలె, అంతే,” అన్నాడు. అంతే కాదు. మోటారు చల్లబడాలంటే కింద రబ్బరు రెక్కల చక్రం ఒకటి నీళ్లు లాగుతూ ఉండాలి. నీళ్లు లేకుండా కాసేపు తిప్పినా ఆ రెక్కలు పాడైపోతాయి. కాబట్టి వాకిట్లో స్టార్ట్ చేయాలన్నా దాని కాళ్లు నిండు డ్రమ్ములో ముంచాలి. ఆ డ్రమ్ము కోసం ట్యాంకర్ పిలిపించాం. మోటారు రెండుసార్లు దగ్గి, సగం నీళ్లు నా ముగ్గు మీద చల్లి, మళ్లీ ధ్యానంలోకి వెళ్లింది. తప్పు పెట్రోల్‌దట. ఇప్పుడు అందులో కలిపే ఇథనాల్ తేమ పీల్చుకుంటుందట. ఎండాకాలం నల్గొండలో దానికి తేమ ఎక్కడ దొరికిందో నాకూ చెబితే రెండు బిందెలు పట్టుకుంటాను.

నీళ్ల చదువుల్లో మా ఊరికి పేరుంది పడవగారూ, కానీ మీలాంటి వాళ్ల వల్ల కాదు. నీళ్లలో సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత కూడా ఏళ్లకేళ్లు ఇదే జిల్లాలో బోరునీళ్లు తాగి నడుములు వంగినవాళ్లున్నారు. పుట్టంగండి దగ్గర ఎత్తిన కృష్ణ అక్కంపల్లి మీదుగా హైదరాబాద్ నల్లాల దాకా పోతుంది. మధ్యలో ఆగి మొదటి బిందె తాగే యోగం మీకు పట్టింది.

సాగర్ వెనక నీళ్లలో చేపలు పట్టేవాళ్ల పుట్టిని, ఆ బుట్టలాంటి గుండ్రటి పడవని, ఎప్పుడైనా చూశారా? చిల్లి పడితే దానికింత తారు పూస్తారు, మళ్లీ వేటకు పోతారు. దాన్ని వింటేజ్ అని ఎవరూ అనరు, దానికి గోనెపట్టా కప్పరు. ఆ ఇంటి ఖర్చంతా అదే తెస్తుంది.

పోనీ మీరు సిద్ధమైనా తంటా తీరదు. ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2021 ప్రకారం మోటారు పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ కావాలి. ఆ కాగితాలకు మా ఆయన ఇప్పటికే ఫైలు కుట్టారు. ఫైలు మాత్రం చాలా బాగా కుదిరింది.

వచ్చే నెల మా బిడ్డ కాన్పుకు వస్తోంది. కారు గేటు లోపలికి రావాలి. మీరు ఊరి పక్కన ఉదయసముద్రం చెరువుకు వెళ్తారో, సాగర్‌కే వెళ్తారో మీ ఇష్టం. అదీ కుదరకపోతే కనీసం గోడవైపు జరగండి.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క.: ఈ ఉత్తరం మీ సీటు కింద పెడుతున్నాను. ఫోన్ ఎత్తని మనిషి అక్కడైతే రోజూ వెతుకుతారు. చదివాక, వచ్చేటప్పుడు కిలో టమాటలు, కొత్తిమీర కట్ట, కొత్త పోపుగిన్నె తెమ్మన్నానని చెప్పండి.