క్రూగర్‌లో సొంత కారు సఫారీ ప్రాణాలతో చెలగాటమా?

"ఆఫ్రికా అడవిలో గైడు లేకుండా పిల్లలను కారెక్కించుకొని తిరగడం ప్రాణాలతో చెలగాటం, జీపు లేనిదే ఆ దారుల్లో బండి కదలదు, సింహాలు కిటికీలోంచి లాక్కుపోతాయి, ఏనుగులు కార్లను తిరగేస్తాయి, ఇంత చేసినా ఒక్క జంతువూ కనబడదు, పిల్లలకు విసుగే మిగులుతుంది" అనే సందేశం సెలవులు దగ్గరపడిన ప్రతిసారీ వాట్సాప్‌లో చక్కర్లు కొడుతోంది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులో భార్యాపిల్లలతో, అద్దెకు తీసుకున్న మామూలు సెడాన్‌లో ఒక పగలంతా తిరిగివచ్చిన నాకు ఈ మాటలు చాలావరకు నిరాధారంగానూ, నిజమున్న ఒకటి రెండు చోట్ల అసలు సంగతిని దాచిపెట్టేవిగానూ తోచాయి.

మొదట జీపు మాట. క్రూగర్ 1926లో జాతీయ పార్కు అయింది, మరుసటి ఏడాదే సందర్శకుల కార్లు లోపలికి వెళ్లడం మొదలైంది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 360 కిలోమీటర్ల పొడవున్న ఈ అడవిలో ప్రధాన మార్గాలన్నీ తారురోడ్లే, మట్టిరోడ్లలోనూ చాలావాటి మీద వాన లేనప్పుడు చిన్న కారు హాయిగా పోతుంది. వేగపరిమితి తారురోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40. అక్కడ మన దేశంలో లాగే ఎడమవైపు నడపాలి కాబట్టి మనవాళ్లకు ఆ తడబాటు కూడా ఉండదు.

సింహం విషయంలో సందేశం చెప్పేలాంటి ఘటన ఒకటి నిజంగా జరిగిందే, కానీ క్రూగర్‌లో కాదు. 2015లో జొహన్నెస్‌బర్గ్ దగ్గరి ఒక ప్రైవేటు సింహాల పార్కులో, కిటికీ అద్దం దించి ఉన్న కారులోని పర్యాటకురాలిని సింహం చంపింది. ఆ ఘటన చెప్పే పాఠం అద్దాలు ఎత్తి ఉంచమని, అంతేగాని ఇంట్లో కూర్చోమని కాదు. క్రూగర్‌లో కారు దిగడానికి వీల్లేదు, కిటికీలోంచి చెయ్యిగాని తలగాని బయట పెట్టకూడదు. కంచె ఉన్న శిబిరాల్లోనూ, అనుమతించిన విడిది స్థలాల్లోనూ మాత్రమే కాలు కింద పెట్టాలి.

ఏనుగు సంగతి మాత్రం తేలిగ్గా తీసిపారేయదగినది కాదు, అందుకే దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. 2013 చివర్లో క్రూగర్‌లోనే మదమెక్కిన మగ ఏనుగొకటి ఒక కారును తిరగేసి, లోపలి మహిళను గాయపరిచింది. అయితే అప్పుడు తీసిన వీడియోను మొదటి నుంచి చూస్తే, రోడ్డు మీద నడుస్తున్న ఏనుగు వెనకే కారు కూడా నెమ్మదిగా సాగుతూ ఉండటం కనిపిస్తుంది. 2024 జులైలో దక్షిణాఫ్రికాలోనే ఉన్న పిలానెస్‌బర్గ్ పార్కులో మరణించిన స్పెయిన్ పర్యాటకుడు పిల్లలతో ఉన్న ఏనుగుల గుంపును ఫోటో తీయడానికి కారు దిగి వెళ్లాడు. మదపుటేనుగును గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు: కణతల నుంచి మదజలం కారి చెంపల మీద నల్లటి చార కడుతుంది, ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటి కణతలు కూడా తడుస్తాయి కనుక, వెనక కాళ్ల మధ్య మూత్రం బొట్లుబొట్లుగా పడుతోందా అని కూడా చూడాలి. స్కుకూజా, లోయర్ సాబీ శిబిరాల మధ్య నది వెంబడి వెళ్తుండగా మాకొక గుంపు ఎదురైంది. ఇంజిను ఆపకుండా దూరంగానే నిలబడ్డాం. గుంపు పెద్దమ్మ మావైపు తిరిగి చేటచెవులు విప్పి తల ఎత్తింది. వెనక బండి లేదని అద్దంలో చూసుకొని నేను మెల్లగా వెనక్కి తగ్గాను. ఆవిడ చెవులు దించింది, తడబడుతూ రోడ్డు దాటుతున్న గున్న అవతలి పొదల్లోకి చేరేదాకా అక్కడే నిలబడి, తర్వాత తన దారిన పోయింది. వెనక్కి తగ్గే చోటు ఉంచుకోవడమే ఇక్కడ అసలు రక్షణ.

గైడు లేకపోతే ఏమీ కనబడదన్నది సగం నిజమే. గైడు కన్ను మనకు రాదు, పైగా చెట్టుకొమ్మ మీది చిరుతపులిని ఆ రోజు మాకు చూపించింది మా కళ్లు కాదు, ముందే ఆగి ఉన్న నాలుగు కార్లు. కాని పార్కులోని సాధారణ రోడ్ల మీద గైడు బండి కూడా ఆ రోడ్లు దాటి పోకూడదు. తెల్లవారి గేటు తెరవగానే బయల్దేరి, శిబిరాల్లో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో తెలిపే బోర్డు చూసుకొని, ఎండ ముదిరాక నీళ్ల దగ్గర కాచుకుంటే చాలా కనిపిస్తాయి. లోయర్ సాబీ పక్కనున్న సన్‌సెట్ డ్యామ్ గట్టున కారులోంచే నీటిగుర్రాలను, మొసళ్లను, నీళ్ల మీదికి వాలిన కొమ్మలకు గిజిగాళ్ల గూళ్లను చూశాం.

పిల్లల విసుగు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మా చిన్నవాడు సింహం కంటే, రోడ్డు మీద తనకంటే పెద్ద పేడ ఉండను వెనక కాళ్లతో దొర్లిస్తున్న పేడపురుగును ఎక్కువసేపు చూశాడు. దాన్ని తొక్కకుండా పోవాలని నాకు ఆజ్ఞ కూడా వేశాడు.

సందేశం అసలే చెప్పనివి రెండున్నాయి. క్రూగర్ మలేరియా ఉన్న ప్రాంతం, వానలు పడే అక్టోబరు నుంచి మే దాకా ముప్పు ఎక్కువ కాబట్టి పిల్లలతో వెళ్లేవారు ముందే వైద్యుణ్ణి కలవాలి. రెండోది, పార్కు బయటి దారి. 2022 అక్టోబరులో నుంబీ గేటుకు పోయే రోడ్డు మీద దుండగుల కాల్పుల్లో ఒక జర్మన్ పర్యాటకుడు మరణించాడు. గేట్లు చీకటి పడే వేళకు మూస్తారు. చివరి నిమిషం దాకా లోపల ఉండి, ఆపైన చీకట్లో బయటి రోడ్ల మీద ప్రయాణించడం కంటే, వెలుతురుండగానే బసకు చేరడం లేదా ముందే గది దొరికించుకొని లోపలి శిబిరంలోనే రాత్రి గడపడం మంచిది. మేము లోపలే ఉండిపోయాం.