మై సన్ గుడులకు ఒక్క వాక్యమేనా?

మీ యాత్రా వ్యాసంలో వియత్నాంలో చూడాల్సినవంటూ హాలాంగ్ బే, హోయ్ ఆన్, కుచి సొరంగాల గురించి చక్కగా రాశారు. అక్కడి పురాతన హిందూ ఆలయాలైన మై సన్ గుడులను మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. చదివి బాధనిపించింది. హోయ్ ఆన్ దాకా వెళ్లినవాళ్లకు అది ఇంకో 40 కిలోమీటర్లే.

4వ శతాబ్దంలో, ఇప్పటి మధ్య వియత్నాం ప్రాంతంలో ఉండిన చంపా రాజ్యపు రాజు భద్రవర్మ అక్కడ భద్రేశ్వరుడి పేరుతో శివలింగం ప్రతిష్ఠించాడు. తర్వాత కొన్ని వందల ఏళ్లపాటు చంపాను ఏలిన చామ్ జాతి రాజులు గుడులు కట్టిస్తూనే వచ్చారు. గోడ దగ్గరికెళ్లి చూడండి, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం జాడే కనిపించదు. గోడ లేపాక ఆ ఇటుకల మీదే బొమ్మలు చెక్కారు. ఎలా అతికించారన్నదాని మీద పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అంతటి పనితనం ఉన్న పెద్ద గుడిని 1969 ఆగస్టులో అమెరికా బాంబులు కూల్చేశాయి. ఆ బాంబుల గుంతలు ఇంకా అలాగే ఉన్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మన పురావస్తు శాఖ వాళ్లు అక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. మన పాఠకులకు ఈ ఒక్క సంగతైనా చెప్పాల్సింది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే బయలుదేరండి, ఎండ బాగా ముదురుతుంది. వీలైతే ముందు డా నాంగ్‌లోని చామ్ శిల్పాల మ్యూజియం చూడండి. మై సన్‌లో దొరికిన మంచి శిల్పాలు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఇంకాస్త టైముంటే ఫాన్ రాంగ్ దగ్గర పో క్లాంగ్ గరాయ్ గుడికి వెళ్లండి, అక్కడ చామ్ జనం ఇప్పటికీ పూజలు చేస్తున్నారు.